పదకొండో గది బెల్లు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నవ్వేదాన్ని. ప్రభుత్వ దవాఖానలో ఇరవై ఎనిమిదేళ్లు నర్సుగా చేశాను. మార్చురీ పక్క గదిలో కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకున్నదాన్ని. ఇప్పుడు ఇది రాయడం ఎవరినీ భయపెట్టడానికి కాదు. నాకింకా కోపం తగ్గలేదు.

రిటైరయ్యాక మడికొండ దగ్గర కొత్తగా కట్టిన వెల్‌నెస్ హోటల్‌లో చేరాను. గుళ్లూ కోటా చూడటానికి వచ్చే పెద్దవయసు వాళ్ల కోసం కట్టింది అది. నూనె మర్దన, కుర్చీలో కూర్చుని చేసే యోగా, ఉప్పు తక్కువ భోజనం. వాళ్ల బీపీలు, మందులు చూడటం నా పని.

ఓనర్ రాజేందర్‌ది హన్మకొండలో బట్టల వ్యాపారం. బాత్రూముల్లో పట్టుకోవడానికి కడ్డీలు వేయించమంటే "దవాఖాన లెక్క కనబడ్తదక్కా" అన్నాడు. జారని టైల్స్ అడిగితే మెరిసేవి వేయించాడు. ప్రతి బాత్రూములో ఒక ఎర్ర బటన్, రిసెప్షన్‌లో గది నంబర్లతో ఒక బోర్డు మాత్రం పెట్టించాడు. పడిపోయినవాళ్లకు అందేలా ఆ బటన్ కిందికి దించమని ఎన్నోసార్లు చెప్పాను. "ఫికర్ చెయ్యకు, చూద్దాం" అనేవాడు.

ఒక రోజు పొద్దున పదిన్నరకు రిసెప్షన్ దగ్గర నిలబడి ఉన్నాను. బోర్డు మీద పదకొండో నంబరు వెలిగింది. బెల్లు ఆగకుండా మోగింది. కౌంటర్‌లో ఉన్న స్వప్న కూడా ఉలిక్కిపడి లేచింది.

ఇద్దరం పరుగెత్తాం. పదకొండులో కొమురయ్య అనే పెద్దాయన, డోర్నకల్‌లో రైల్వే పని చేసి రిటైరైనవాడు. స్నేహితులు గుడికి పోతే మోకాళ్ల నొప్పులని ఆగిపోయాడు. బాత్రూములో వెల్లకిలా పడి ఉన్నాడు. తుంటి విరిగింది. బటన్ ఎక్కడో గోడ మీద పైన ఉంది.

"బెల్లు కొట్టి మంచి పని చేసినవ్ బాపూ" అన్నాను.

"నేనేం కొట్టలె బిడ్డా. చెయ్యి లేస్తలేదు, అరుద్దామంటే గొంతు రాలె. నువ్వెట్లొచ్చినవ్?"

ఆయన్ని అంబులెన్స్ ఎక్కించాక రాజేందర్ వచ్చాడు. "మన సిస్టం ఎంత మంచిగ పనిచేసిందో చూసినవా? వీడియో చేద్దామక్కా!"

ఒళ్లు మండింది. వెంటనే ఎలక్ట్రీషియన్ సాంబయ్యను పిలిపించి, బటన్ ఇప్పుడే దించమన్నాను. అతను స్క్రూలు విప్పాడు. వెనక ఒట్టి గోడ. ఒక్క వైరు లేదు. పోయి బోర్డు విప్పించాను. దానికి కరెంటు లైను కూడా లేదు.

"ఓపెనింగ్ నాడు ఫోటోల కోసం బిగించినం మేడం. వైర్లు తర్వాత గుంజుదామన్నడు సార్."

అన్ని గదులూ అంతే. ఆ బటన్ తెచ్చి రాజేందర్ టేబుల్ మీద కొట్టాను. "మీ అమ్మను ఈ బాత్రూములకు తోలుతవా?"

"ముసలాయన బతికిండు గదక్కా, ఇంక లొల్లెందుకు?"

ఆ రోజే మానేశాను. కొమురయ్య స్నేహితులకు అన్నీ చెప్పాను, ఫిర్యాదు మీద నేనే మొదటి సంతకం పెట్టాను. అధికారులు వచ్చి గదులన్నీ మూయించి, వైర్లు లాగాకే తెరవనిచ్చారు. కొమురయ్య ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

వెలిగిందీ మోగిందీ స్వప్నా నేనూ ఇద్దరం చూశాం, విన్నాం. ఎలాగో ఇప్పటికీ చెప్పలేను. కానీ అంతకు ముందు నాలుగు నెలలు ఆ గదుల్లో మనుషులున్నారు. భయమేసి, కాలు జారి, ఎంతమంది ఆ బటన్ నొక్కి ఎదురుచూశారో. అది తలుచుకున్నప్పుడే నాకు నిద్ర పట్టదు.