గుట్ట మీది సిగ్నల్

రిటైరు కావడానికి రెండేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, నన్ను ఖమ్మం ఆఫీసు నుంచి భద్రాచలం అవతలి అడవి గూడేల సర్వేకు వేశారు. హోదా సబ్ డివిజనల్ ఇంజనీరు. టెలిఫోన్ పనిలో ముప్పై మూడేళ్లు గడిపినవాణ్ని. ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో మా ఇంటి ఫోను చెడిపోతే మాత్రం మా ఆవిడ నాకు చెప్పేది కాదు, లైన్‌మన్‌కు చెప్పేది.

సర్వే పని ఇది. ప్రతి గూడేనికీ వెళ్లి, టెస్ట్ ఫోనులో సిగ్నల్ బలం చూసి, ఫారంలో ఒక గడి నింపాలి: కవరేజీ ఉందా, అవునా కాదా. బలం మైనస్ అంకెల్లో వస్తుంది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. 'కాదు' అని రాసిన గూడేలు కొత్త టవర్ల జాబితాకు ఎక్కుతాయి. 'అవును' అన్నవి దేశం లెక్కలోకి, అక్కడి నుంచి ఏ దేశంలో ఎందరికి ఇంటర్నెట్ అందుతోందో పోల్చే పట్టికల్లోకి వెళ్తాయి.

ముందుగా హైదరాబాదులో మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. ఆ పట్టికలు తెర మీద చూపిస్తూ, ఫిన్‌లాండ్‌లో నెట్ కనెక్షన్ చట్టప్రకారం హక్కనీ, అది మనిషి నివసించే ఇంటి దాకా రావాలనీ చెప్పారు. వాళ్లకు ఇల్లు లెక్క, మన ఫారంలో ఊరు లెక్క. నేను ఊరుకోకుండా, "వాళ్లది చలిదేశం సార్, ఇల్లు కదలరు. మనవాళ్లు గాలికి బయటికొచ్చి మాట్లాడుకుంటారు" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ మూడు రోజుల్లో నేను తెచ్చుకున్న మార్కులు అవే.

దుమ్ముగూడెం దాటాక, గుట్ట కింద ఇరవై లోపు ఇళ్లున్న గూడెం. జీపు దిగుతూనే, సిగ్నల్ ఎక్కడొస్తుందని అడిగాను. లచ్చయ్య అనే కోయ రైతు ఉత్సాహంగా ముందుకొచ్చాడు.

"గుట్ట మీది బండకాడ మంచిగొస్తది సారూ. రాండ్రి, చూపిస్త."

ఆయన భార్య జోగమ్మ చెంబుతో నీళ్లిస్తూ, "జర పైలం సారూ. మా ఆయన ఫోను పట్టుకొని గుట్టెక్కిండంటె ఇగ దిగడు. నేను ఎంత పిలిచినా ఇనబడదు" అంది.

"నువ్వు పిలుస్తవా, తిడ్తవా?" అన్నాడు లచ్చయ్య. ఇద్దరూ నవ్వారు.

ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది. బండ మీద మైనస్ ఎనభై ఎనిమిది. చక్కటి అంకె. లచ్చయ్య మొహంలో, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచం చుట్టానికి వేసినవాడి తృప్తి. దిగాక ఇళ్ల మధ్య కూడా ఒకసారి ఫోను తీసి చూడాలి. మోకాళ్లు మొరాయిస్తున్నాయి, ఇంకా రెండు గూడేలు మిగిలాయి. బండ మీదే కూర్చుని 'అవును' రాసి సంతకం పెట్టాను. సిగ్నల్ పట్టే చోటు చూశానే గాని, ఇళ్లను పట్టించుకోలేదు.

ఆపై చలికాలంలో ఆ గూడెంవాళ్లు టవరు కోసం పెట్టుకున్న అర్జీ నా బల్ల మీదికొచ్చింది. రికార్డులో 'అవును' ఉంది కాబట్టి తిరస్కరించవచ్చు. అంతకు ముందు ఒకసారి చూసి రమ్మన్నారు మా డివిజనల్ ఇంజనీరు.

ఈసారి నీళ్లు లచ్చయ్యే ఇచ్చాడు. జోగమ్మ ఏదని అడిగాను. నాట్లప్పుడు ఒక మధ్యాహ్నం పొలంలో ఆమెను పాము కరిచింది. ఇంటికి మోసుకొచ్చాడు. గూడెమంతా పొలాల్లో ఉంది. పక్కింటి ముసలమ్మను ఆమె దగ్గర కూర్చోబెట్టి, గుట్టెక్కి అంబులెన్సుకు ఫోను చేశాడు. బయల్దేరాం, తోవ కోసం డ్రైవరు మళ్లీ చేస్తాడు, ఫోను దగ్గరే ఉండు అన్నారు.

"దిగితె ఫోను తగలదు. తగలకుంటె బండి తోవ తప్పుతది. అందుకే బండ మీదనే కూసున్న సారూ. కింద నుంచి ఏడుపు ఇనబడ్డంక దిగిన." చెంబు వెనక్కి తీసుకుంటూ అన్నాడు: "డ్రైవరు రెండుసార్లు జేసిండు. తోవ మంచిగనే జెప్పిన."

జూన్‌లో ఫారంలో 'అవును' అని రాసింది నేనేనని చెప్పాను.

"మీరేం జేస్తరు సారూ," అన్నాడు. "బండకాడికి తోలుకపోయింది నేనే గద."

ఆయన గడప మీద నిలబడి టెస్ట్ ఫోను తీశాను. అంకె రాలేదు. 'కాదు' అని రాసి, కారణం కింద నా పొరపాటు రాసి పంపాను. ఆ విడత టవర్ల జాబితా అప్పటికే మూసేశారు, మళ్లీ తెరిచేదాకా ఆగాలన్నారు. నేను రిటైరయ్యేనాటికి తెరవలేదు. మన దేశాన్ని ఫిన్‌లాండ్ పక్కన పెట్టిన ఏదో ఒక పట్టికలో నా పాత 'అవును' ఇంకా ఉండే ఉంటుంది.

సిగ్నల్ ఎక్కడొస్తుందని అడిగితే, జనం తమకున్న వాటిలో మంచి చోటే చూపిస్తారు. సర్వేకు వెళ్లినవాడు అడగాల్సింది, ఎక్కడ వండుకుంటారు, ఎక్కడ పడుకుంటారు అని. అక్కడ నిలబడి కొలవాలి. నా కుర్చీలోకి వచ్చిన ఇంజనీరుకు ఫైళ్లతో పాటు ఈ మాట కూడా అప్పగించాను.