చక్రాలు తిరగని కారు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. డిగ్రీ చేతికొస్తే ఉద్యోగం దానంతటదే వస్తుందని ఒకటి, నిబంధనలు ముందే రాసి గోడకు అంటిస్తే తగాదాలు రావని ఇంకొకటి. మొదటిది ఏడాది తిరక్కుండానే వదిలింది. రెండోది వదలడానికి మాత్రం ఒక చెక్క కార్ల పందెం కావలసివచ్చింది. నెల్లూరులో చదువు ముగించుకుని, సముద్రం ఒడ్డున మా పల్లెలో ఈగలు తోలుకుంటూ కూర్చున్న నన్ను చూసి మా చర్చి పాస్టరుగారు జాలిపడి (జాలి అని నేననుకున్నాను, జీతం అడగని మనిషి దొరికిందని ఆయన అనుకున్నారట) పిల్లల క్లబ్బు నాకు అప్పగించారు. శనివారం సాయంత్రం పాటలు, కథలు, చివర్లో శనగ గుగ్గిళ్ళు. ఆ గుగ్గిళ్ళ పుణ్యమా అని చర్చి గడప తొక్కని ఇళ్ళ పిల్లలు కూడా వచ్చేవాళ్ళు. అందరికంటే ముందు వచ్చి కూర్చునేది గవ్వ. పదేళ్ళ పిల్ల. ఎప్పుడు చూసినా ఒడ్డున గవ్వలేరుతూ తిరుగుతుందని ఆ పేరు పెట్టారు. అసలు పేరు బడిలో తప్ప ఎక్కడా వినపడేది కాదు.

ఒకనాడు పాస్టరుగారు ఫోనులో ఏదో వీడియో చూశారు. ఏ దేశంలోనో పిల్లలు చెక్కతో అరచేయంత కార్లు చేసుకొచ్చి, వాలుగా పెట్టిన బల్ల మీద వదులుతున్నారు. "మనమూ పెడదాం పాపా, బలే ఉంటది" అన్నారు. మొదటి బహుమతికి నెల్లూరు నుంచి నిజమైన క్రికెట్ బ్యాటు, రెండో బహుమతికి స్టీలు టిఫిను డబ్బా తెచ్చి ప్రసంగ పీఠం పక్కన పెట్టారు. పందెం అయ్యేదాకా పిల్లలెవరూ ప్రసంగం వినలేదు. (పెద్దవాళ్ళు మామూలుగానే వినలేదు.) గవ్వ అయితే వచ్చినప్పుడల్లా ఆ బ్యాటును వేలితో ముట్టి చూసేది. దానికి కారణముంది. మా ఒడ్డున రోజూ మగపిల్లల క్రికెట్. సముద్రంలోకి పోయిన బంతిని తెచ్చివ్వడం గవ్వ పని. బ్యాటింగ్ అడిగితే "నీకు బ్యాటుందా మే?" అనేవాళ్ళు. బ్యాటు ఎవరిదైతే ముందు వాళ్ళే ఆడాలి. ఆ చట్టానికి ఏ ఊళ్ళోనూ తిరుగులేదు కదా! "బ్యాటు నాదైతే నన్ను ఆడనీకుండా యాడికి పోతారక్కా?" అంది నాతో. నాకు న్యాయంగానే తోచింది.

నేను నిబంధనలు రాసి అంటించాను. కారు చెక్కతో చేయాలి, పిల్లలే చేయాలి, నాలుగు చక్రాలుండాలి, బల్ల చివరిదాకా చేరిన కారుదే గెలుపు. పిల్లలే చేయాలన్న మాటను ఆ రోజే గాలికి వదిలేశారు. తండ్రులు చేపల వేట మానుకుని వడ్రంగి చుట్టూ తిరిగారు. మా సంఘ పెద్ద ఒకప్పుడు లాంచీ నడిపినాయన, ఊరందరికీ సరంగు తాత. ఆయన మనవడి కారుకు ఎర్ర రంగు వేయించడానికే గూడూరు పోయొచ్చాడు. గవ్వకు మాత్రం వాళ్ళ నాయన విరిగిన తెప్ప చెక్క ఒకటి పడేసి, ఆడుకోపో అన్నాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి ఆ పిల్ల చెక్కతో పడవలు చేయడమే చూసింది. చేతికి కత్తి ఇస్తే ఇంకేం వస్తుంది? ముందు కొన తేలి, అడుగు నున్నగా, చక్కటి పడవ తయారైంది. నా నిబంధన గుర్తొచ్చి, పాత హవాయి చెప్పు కోసి నాలుగు చక్రాలు చేసి, వాటిని పక్కలకు మేకులతో బిగగొట్టింది. అవి తిరగవు సరికదా, నేలకు ఆనవు కూడా. బరువు కోసం లోపల వలకు కట్టే సీసం గుళ్ళు పెట్టింది. "ఇది కదల్దే గవ్వా!" అన్నాను. "కదలకపోతే తోస్తానక్కా" అంది. తోయకూడదని ఇంకో నిబంధన రాయాల్సి వచ్చింది.

పందెం నాడు పొద్దున్నే పోయి చూద్దును కదా, చర్చి మెట్ల మీద నుంచి ఇసుకలోకి వాల్చిన బల్ల ఎండకు తళతళా మెరుస్తోంది. పక్కనే గ్రీజు డబ్బాతో సరంగు తాత. "ఏంది తాతా ఇది?" అన్నాను. "పడవైనా కారైనా జారాల్నా వద్దా? పడవని నీళ్ళలోకి దించేటప్పుడు కింద చెక్కలకి గ్రీజు పూయమా ఏంది? రయ్యిన పోతయి చూడు" అన్నాడు. మనవడు గెలవాలని పాపం ఆయన ఆరాటం. కారు జారకూడదు, చక్రాల మీద దొర్లాలి అని చెప్పబోతే పాస్టరుగారు వద్దని సైగ చేశారు. గోనెపట్టతో తుడిచాను. గ్రీజు ఇంకా బాగా అలుముకుంది.

వదిలిన కారల్లా చక్రాలు తిప్పడం మానేసి పీతలాగా పక్కకు నడిచి ఇసుకలో పడింది. తండ్రులు ఒక్కొక్కరే కారును చంకన పెట్టుకుని నీడకు పోయారు. మనవడి ఎర్ర కారు మాత్రం సగం దాటి పడింది. ఆఖరున గవ్వ వచ్చి, తన కారు పెట్టి చెయ్యి తీసింది. కొత్త పడవ నీళ్ళకు దిగినట్టు అది తిన్నగా, చప్పుడు లేకుండా చివరిదాకా జారి ఇసుకలో మూతి దూర్చి ఆగింది. నేను ఎగిరి గంతేశాను. (న్యాయనిర్ణేత గంతులేయకూడదన్న నిబంధన నేను రాసుకోలేదు.)

వెంటనే వరండాలో పెద్దలు కూర్చున్నారు. గవ్వ కారు చేతులు మారింది. అందరూ పడవల మనుషులే కాబట్టి దాని అడుగు నిమిరి చూశారు. "బలే చెక్కినావే! ఎవరు నేర్పినారు?" అన్నాడొకాయన. "పడవంటే ఇట్టా ఉండాల" అన్నాడు ఇంకొకాయన. గవ్వ మొహం వెలిగిపోయింది. ఆ మెప్పే దాని కొంప ముంచింది. సరంగు తాత గొంతు సవరించుకుని "అందరూ పడవంటున్నారు గదా. మనం పెట్టింది కార్ల పందెం. చక్రం తిరగని కారు యాడన్నా ఉంటదా?" అన్నాడు. నేను గోడ మీది కాగితం పీక్కొచ్చాను. "చక్రాలుండాలని ఉంది గానీ తిరగాలని లేదు తాతా. అయినా అందరి చక్రాలూ తిరక్కుండా చేసింది మీ గ్రీజే గదా!" అన్నాను. "చదువుకున్నదానివి, పెద్దాచిన్నా లేదా మే నీకు?" అన్నాడాయన. పాస్టరుగారు లేచి, గొడవెందుకు, సమాధానంగా పోదామన్నారు. (ఆయన సమాధానం ఎప్పుడూ చందా ఎక్కువిచ్చే వైపుకే వాలేది.) చివరికి బ్యాటు మనవడికి, డబ్బా గవ్వకు. "ఆడబిడ్డకి బ్యాటు దేనికి? డబ్బా అయితే బడికి అన్నం తీసకపోతది" అన్నాడు సరంగు తాత, గవ్వ తల నిమురుతూ. ఆయన అది దయగానే అన్నాడు. నాకు ఇప్పటికీ మింగుడు పడనిది ఆ దయే. అందరూ చప్పట్లు కొట్టారు. గవ్వ వాళ్ళమ్మ కూడా కొట్టింది. డబ్బా మంచిదే, మూతకు క్లిప్పులున్నాయి.

ఆ సాయంత్రమే ఒడ్డున కొత్త బ్యాటుతో ఆట మొదలైంది. బంతి అలల్లోకి పోయింది. గవ్వ డబ్బాను ఇసుకలో పెట్టి, నీళ్ళలోకి దిగి బంతి తెచ్చిచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వెందుకే తేవడం? వాళ్ళనే తెచ్చుకోనీ" అన్నాను. "అలవాటక్కా" అంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. కాసేపు ఆట చూసి, "వచ్చే ఏడు చక్రాలు తిరిగేటట్టు చేస్తానక్కా. అప్పుడైతే ఇస్తారు గదా?" అని అడిగింది.

ఆ వచ్చే ఏడు పందెమే లేదు. నోరెక్కువని నన్ను తప్పించి, క్లబ్బును పాస్టరుగారి బావమరిదికి ఇచ్చారు. ఆయన పాటలతో సరిపెట్టి, గుగ్గిళ్ళు కూడా మానేశాడు. నేను నెల్లూరు వచ్చి ఒక ప్రైవేటు బడిలో చేరాను. ఇప్పుడు పిల్లలు నన్ను అలాంటిది ఏదైనా అడిగితే "చూద్దాంలే" అంటాను. ఆ మాట నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ రోజు మాత్రం తడుముకోలేదు. "ఎందుకివ్వరే! తప్పకుండా ఇస్తారు" అన్నాను. అంత గట్టిగా అనేసరికి గవ్వ నమ్మింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, నేనూ నమ్మాను.