అలారం మీద శాలువాలు

ఆ రోజుల్లో నాకు కోపం ఎక్కువ. ఆ రోజులంటే మరీ పాతవేమీ కావు, తెలంగాణ వచ్చిన కొత్తలో, పాలమూరు దగ్గర ఒక పశువుల ల్యాబులో కాంట్రాక్టు టెక్నీషియన్‌గా చేరినప్పటి సంగతి. (ల్యాబు పేరు చెప్పను. చెబితే మా సార్ దానికీ ఒక సన్మానం పెట్టించుకుంటారు.) బస్సు ఆగకపోయినా కోపమే, చాయ్ చల్లారినా కోపమే. "నీకు ముక్కు మీద కోపం కాదు బిడ్డా, ముక్కంతా కోపమే" అనేది మా అవ్వ. వయసు మీద పడేకొద్దీ చాలా కోపాలు చల్లారాయి కానీ, ఒక్కటి మాత్రం ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

మా ల్యాబులో బయోసేఫ్టీ క్యాబినెట్ అని ఒక గాజు తలుపు బీరువా ఉండేది. ముందు కూర్చుని, గాజు కింది సందులోంచి చేతులు మాత్రం లోపలికి పెట్టి పని చేయాలి. గాలి ఆ సందులోంచి లోపలికి పోయి, వడపోసుకుని, పైనున్న జాలీలోంచి బయటికి వస్తుంది. శాంపిల్‌లోని రోగం మన ముఖం మీదికి రాకుండా కాపాడేది ఆ గాలే. గాలి తగ్గితే ఎర్ర లైటు వెలిగి, అలారం కుయ్యోమని మొత్తుకుంటుంది. అట్లా మొత్తుకున్నప్పుడు పని ఆపాలి, శాంపిళ్లకు మూతలు పెట్టాలి, గాజు దించాలి, పైవాళ్లకు చెప్పాలి, కారణం తేలేదాకా మళ్లీ చేతులు పెట్టకూడదు. ట్రైనింగులో బట్టీ పట్టించారు. ఒక సోమవారం పొద్దున అది మొత్తుకుంది. అన్నీ నేర్పినట్టే చేశాను. పైవాళ్లకు చెప్పే దగ్గరే వ్యవహారం చెడింది.

పైవాళ్లంటే మా సార్. చాటుగా 'శాలువాల సార్' అనేవాళ్లం. ఆయనకు సన్మానం జరగని వారం ఉండేది కాదు. ఎవరిదో రిటైర్మెంటు అని వెళ్లేవారు, చూస్తే తానే శాలువా కప్పుకుని తిరిగొచ్చేవారు. నేను పోయి చెప్పగానే, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "మిషన్ తిరుగుతాందా?" అన్నారు.

"తిరుగుతాంది సార్. కానీ గాలి తక్కువైంది."

"తిరుగుతాందంటే మంచిగనే ఉన్నట్టు. గా లొల్లి బంద్ చేసి పని చూస్కో."

నాకంటే ముందు నుంచీ అక్కడ పని చేస్తున్న అక్క లేచి వచ్చి, చప్పుడు ఆపే బటన్ నొక్కింది. "మొత్తుకున్నప్పుడల్ల నొక్కుడే తమ్మీ. దాంతోని ఏం ఫికర్ పెట్టుకుంటవ్?" అంది. కాసేపటికి అది మళ్లీ మొత్తుకుంది. అక్క మళ్లీ నొక్కింది. నాకు ఆ యంత్రమొక్కటే ఆ గదిలో బుద్ధున్నదిగా కనిపించింది. నేను గాజు దించి, తాళం వేసినంత పని చేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాను.

ఇంతలో గొంగడి తాత వచ్చాడు. ఎండాకాలం కూడా భుజం మీది గొంగడి దించడు కాబట్టి మేం పెట్టుకున్న పేరు అది. తాత మందలో గొర్రెలు నెలలు నిండకుండానే ఈసుకపోతున్నాయి, కడుపులోని పిల్లలు చచ్చి పడిపోతున్నాయి. అది మాకు అనుమానమున్న రోగమే అయితే మనుషులకూ అంటుతుంది, నెలల తరబడి జ్వరంతో, కీళ్ల నొప్పులతో బాధపడాలి. ఆ శాంపిలే బీరువాలో మూత పెట్టి ఉంది.

"ఏం రోగమో జర జల్ది చెప్పు బిడ్డా. తెలిస్తే మంచి గొర్లనన్న పక్కకు తోలుకుంట" అన్నాడు తాత. రోజూ వచ్చేవాడు, రోజూ అదే మాట.

ఒకరోజు సార్ తాత ముందే, "గీ పిలగాడే ఆపిండు తాతా. మిషన్ సప్పుడు చేస్తే భయపడ్తుండు" అన్నారు. ఇక నాకు నోరు ఆగలేదు.

"భయమే సార్! మీకు లేకుంటే మీరే కూసోని చేతులు పెట్టుండ్రి. నేను పక్కన నిలబడి బటన్ నొక్కుత!"

అక్క చేతిలో పెన్ను కింద పడింది. సార్ మెల్లగా, "నీ రెన్యువల్ కాగితం నా టేబుల్ మీదనే ఉన్నది, యాదికుంచుకో" అన్నారు. ఆ కొలువు పోతే నేను మళ్లీ షాద్‌నగర్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకు పోవాల్సిందే. అది తెలిసీ చేతులు పెట్టలేదు. (ధైర్యమని ఇప్పుడు చెప్పుకుంటాను కానీ, అప్పుడు ఉన్నదంతా కోపమే.)

ఆ కోపంతోనే, బీరువా బాగు చేసే హైదరాబాద్ మెకానిక్‌కు ఫోన్ చేసి, చెప్పి ఇన్ని రోజులైనా రావడం లేదని ఆయన్నూ దులిపేశాను. ఆయన అంతా విని, "తిట్టుడు అయిపోతే ఒక్కసారి మిషన్ పైన చూడన్నా. గాలి బయటకొచ్చే కాడ ఏమన్న పెట్టిన్రా?" అన్నాడు.

"గంత ఎత్తు మీద ఎవడు పెడ్తడు!" అంటూనే స్టూలు ఎక్కాను.

శాలువాలు. ఎర్రవి, పచ్చవి, జరీ అంచువి, మడత చెదరకుండా, ప్లాస్టిక్ కవర్లతో సహా జాలీ మీద దొంతర పేర్చి ఉన్నాయి. ల్యాబంతటిలో దుమ్ము పడని గది అదొక్కటే, తాళం చెవి సార్ దగ్గరే ఉండేది. అలారం మొత్తుకున్న సోమవారానికి ముందు రోజు కూడా ఆయనకు ఎక్కడో సన్మానం జరిగింది.

మొత్తం చంకలో పెట్టుకుని దిగాను. కాసేపటికి బీరువా దానంతట అదే నోరు మూసుకుంది. ఆ మోపు తెచ్చి సార్ టేబుల్ మీద దబ్బున పడేశాను.

"అరె, మెల్లగ! మడత పోతది!" అన్నారు సార్.

గొంగడి తాత వాటినీ నన్నూ చూసి, సంగతి అర్థమై, "అంటే నా గొర్ల రిపోర్టు ఇన్ని దినాలు గీ శాలువల కింద పండుకున్నదా సారూ?" అన్నాడు. సార్ చటుక్కున లేచి, పైనున్న జరీ శాలువా విప్పి నా భుజాల మీద కప్పేశారు. "మన పిలగాడు మిషన్ బాగు చేసిండు! ఏమ్మా, ఫోటో తియ్" అన్నారు అక్కతో. కోపంతో ఉడికిపోతున్న మనిషికి పాలమూరు ఎండలో శాలువా కప్పితే ఎట్లా ఉంటుందో ఆ ఫోటోలో ఇప్పటికీ చూడవచ్చు.

మరునాడు మెకానిక్ వచ్చి గాలి సరిగ్గా ఉందని కొలిచి చెప్పాకే చేతులు పెట్టాను. అనుమానపడ్డ రోగమే. తాత మంచి గొర్రెలను పక్కకు తోలుకున్నాడు. కానీ మేం ఆలస్యం చేసిన ఆ రోజుల్లో ఇంకొన్ని ఈసుకపోయాయి. నా కాగితం మీద సంతకం పడింది. తాత గొర్రెలు తిరిగి రాలేదు. నా కోపం చల్లారనిది అందుకే.

ఇప్పుడు నల్లగొండ వైపు ఒక ల్యాబు నా చేతి కింద ఉంది. మొన్న ఎండాకాలంలో గొర్రెల కాపరుల మీటింగులో నాకూ ఒక శాలువా కప్పారు. ల్యాబుకొచ్చి, ఏదో మాట్లాడుతూ, దుమ్ము లేని జాగా కోసం చూస్తూ అక్కడి గాజు బీరువా మీదికి చెయ్యి ఎత్తాను. వెనక నుంచి కొత్తగా చేరిన అమ్మాయి గొంతు వినిపించింది.

"సార్, గా శాలువా ఆడ పెడ్తే నేను పని బంద్ చేస్త."

తిరిగి చూశాను. ముక్కంతా కోపమే. శాలువా భుజం మీద వేసుకుని, మే నెల ఎండలో బండి మీద ఇంటికి పోయాను. సిగ్నల్ దగ్గర అందరూ నన్నే చూస్తున్నారు. చెమటలు కారుతున్నాయి, నాకు నవ్వు ఆగడం లేదు.