రగ్బీ ఆటగాడు మా గోడౌన్‌కి మారిన సంగతి

2012లో గల్ఫ్‌లో, జెబెల్ అలీ రేవులోని మా సరుకు రవాణా కంపెనీలో నా పక్క సీటుకి ఒక స్కాట్లాండ్ మనిషి వచ్చాడు. పదేళ్లకు పైగా జీతం తీసుకుని రగ్బీ ఆడాడు, మెడకి దెబ్బ తగిలి, డాక్టరు వద్దంటే మానేశాడు. గుమ్మానికి అడ్డం పడేంత భుజాలు, నలిగి ముద్దకట్టిన చెవులు. సేల్స్‌లో వేశారు. పని నేర్పమని మేనేజర్ నాకు అప్పగించాడు.

నాకు క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు. ఆయనకి ఆట తప్ప మరో పని తెలియదు. కస్టమ్స్ కాగితాల గురించి చెబితే శ్రద్ధగా వినేవాడు, మర్నాడు మళ్లీ అదే అడిగేవాడు.

"ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో కూడా ఇన్నేళ్లూ ఎవరో ఒకరు చెప్పేవాళ్లు. ఇప్పుడు బడిలో చేరినట్టుంది," అన్నాడొకసారి.

అసలు చిక్కు అది కాదు. మేనేజర్ ఆయన్ని పని కోసం తీసుకోలేదు. మా క్లయింట్లలో చాలామంది బ్రిటిష్‌వాళ్లు. మీటింగుకి వెళితే ఆయనతో ఫొటోలు దిగి, పాత మ్యాచ్‌ల కబుర్లు చెప్పించుకునేవాళ్లు. రేట్ల మాట వచ్చేసరికి నా వైపు తిరిగేవాళ్లు. తిరిగొచ్చేటప్పుడు కారులో ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు.

ఆ ఎండాకాలం ఒకరోజు గోడౌన్ నుంచి ఫోనొచ్చింది. జనరేటర్ ఉన్న పెద్ద చెక్కపెట్టెని చక్రాల బండి మీద లోపలికి తెస్తుంటే, గుమ్మం దగ్గర గాడిలో ఒక చక్రం దిగబడిపోయింది. ఫోర్క్‌లిఫ్ట్ రిపేరులో ఉంది. వెనక లారీలు ఆగిపోయాయి. నేను వెళుతుంటే ఆయనా వచ్చాడు.

అక్కడి ఫోర్‌మన్‌ది జగిత్యాల. చెమటలు తుడుచుకుంటూ, "ఎంత నూకినా కదుల్తలేదు సార్. క్రేన్ వచ్చేదాంక ఆగుడే," అన్నాడు.

స్కాట్లాండ్ మనిషి కాసేపు చూసి టై విప్పాడు. "ఎవరికి వాళ్లు తోస్తున్నారు. ఒక్క నిమిషం ఆపమని చెప్పండి," అన్నాడు నాతో.

రగ్బీలో జట్టంతా ఒక్కటై తోసేటప్పటిలా మనుషుల్ని రెండు వరుసలుగా నిలబెట్టాడు. మోకాళ్లు వంచమన్నాడు, వీపు తిన్నగా ఉంచమన్నాడు. తను ముందు వరుస మధ్యలో దూరాడు. కేక వేసే పని నాది. "యల్లా, తొయ్యండి!" అని అరిచాను. మొదటిసారి చక్రం ఊగి మళ్లీ గాడిలో పడింది. రెండోసారి పైకి లేచింది, పెట్టె లోపలికి వెళ్లిపోయింది. కుర్రాళ్లు ఈలలు వేశారు.

"గీ సారు ఆఫీసుల ఏం జేస్తున్నడు? మాతాన ఉంటే మంచిగుండు," అన్నాడు ఫోర్‌మన్. ఆ మాట ఇంగ్లీషులో చెబితే ఆయన నవ్వాడు గానీ మెడ తిప్పలేకపోయాడు. ఒక పక్కన కూర్చోబెట్టి, టీ కొట్టు నుంచి ఐసు తెప్పించి మెడ మీద పెట్టాం.

"డాక్టరు వద్దన్నాడు కదా, ఎందుకు తోశారు?" అన్నాను.

"నిలబడి చూడటం నా వల్ల కాలేదు." ఐసు సర్దుకుంటూ తనే చెప్పాడు. "స్కాన్ చూసి, ఇంకో దెబ్బ తగిలితే చెయ్యి పడిపోతుందన్నాడు డాక్టరు. ఆటగాడిగా ఆ గదిలోకి వెళ్లాను. బయటికొచ్చేసరికి ఖలాస్." ఆ మాట మా దగ్గరే నేర్చుకున్నాడు.

"ఏడ్చారా?"

"లేదు. కారు ఎక్కడ పెట్టానో గుర్తురాలేదు. దాన్ని వెతుక్కుంటూ చాలాసేపు తిరిగాను."

ఐసు సంచీని మెడకి రెండో పక్కకి జరిపాను.

మెడ నొప్పి తగ్గాక, తనని గోడౌన్‌కి మార్చమని మేనేజర్‌ని అడిగాడు. "మరి క్లయింట్లకి ఏం చెప్పను?" అన్నాడు మేనేజర్. "సరుకు చూసుకోవడానికి వస్తారుగా, అక్కడే కలుస్తాను," అన్నాడీయన. కొన్నాళ్లు నానబెట్టి చివరికి ఒప్పుకున్నారు.

టైపింగ్ ఆయనకి ఎప్పటికీ రాలేదు. కానీ ఎవరికి నడుం నొప్పి, ఎవరు ఎండకి తట్టుకోలేరు, అన్నీ తెలిసేవి. బరువు ఎలా ఎత్తాలో వంగి చూపించేవాడు. ఫోర్‌మన్‌తో వచ్చీరాని హిందీలో వాదులాడేవాడు. మీటింగులకి ఆ తర్వాత నేనొక్కణ్ణే వెళ్లాను.

2019లో నేను ఉద్యోగం వదిలి స్వదేశానికి తిరిగొచ్చేసేటప్పటికి గోడౌన్ మొత్తానికి ఆయనే ముదీర్, అంటే మేనేజర్. కొత్తగా చేరినవాళ్లలో చాలామందికి ఆయన ఒకప్పుడు ఆటగాడని కూడా తెలియదు. చెప్పి వెళదామని ఆఖరి రోజు వెళ్లాను. లారీలోంచి సరుకు దింపిస్తున్నాడు. చేతి తొడుగు తీసి నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపి, మళ్లీ లారీ వైపు నడిచాడు.