మీసాలు గీసేది చిన్నాయిన

మా ఇంట్లో బొమ్మలకు మీసాలు మగవాళ్లే గీయాలి. అది తాతల నాటి ఆనవాయితీ. రఘునాథపల్లి దగ్గరి ఊళ్లో మా చిన్నమ్మ చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపి మనుషుల మొఖాల బొమ్మలు చేస్తుంది. ముద్ద పిసకడం, ముక్కు తీర్చడం, రంగులేయడం, కళ్లు దిద్దడం అన్నీ ఆమే. ఆఖర్న మా చిన్నాయిన స్నానం చేసి, తెల్లంగి తొడుక్కుని వచ్చి మీసం గీస్తాడు. గీసి, అలసిపోయి, టీ అడుగుతాడు.

జనగామలో ఒక చిన్న ప్రదర్శనశాలలో ఆ బొమ్మలున్నాయి. కింద చీటీ మీద చిన్నాయిన పేరు. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే విజ్ఞాన సర్వస్వంలో ఆయనకొక పేజీ కూడా ఉంది. అందులో ఆఖరి వాక్యం, "భార్య సహాయం చేస్తుంది." అది చదివి నాకు ఒళ్లు మండిపోయింది. ఖాళీ దొరికినప్పుడల్లా నేనూ అందులో రాస్తుంటాను కాబట్టి ఆ పూటే చిన్నమ్మ పేరున పేజీ పెట్టాను. ఆధారం లేదని తెల్లారేసరికి తీసేశారు. ఆధారమంటే ఆ చీటీయేనట. అది మారితే తప్ప చిన్నమ్మకు పేజీ లేదు.

ప్రదర్శనశాల మేడం చుట్టూ తిరిగి తిరిగి ఆమెను ఊరికి తీసుకెళ్లాను. "ఎవరడిగినా నేనే చేసిన అని చెప్పు" అని చిన్నమ్మకు ముందే నూరిపోశాను. మేడం కూర్చుని, "ఇవి ఎవరు చేశారమ్మా?" అని అడిగింది.

చిన్నమ్మ కొంగు సర్దుకుని, "మా ఆయననే మేడం" అంది.

నేను తల పట్టుకున్నాను. ఇంటికొచ్చినవాళ్ల ముందు పెనిమిటిని తక్కువ చేయకూడదట. చేసిన కష్టం గంగలో కలిసినా సరేనట.

మేడం చిన్నాయిన వైపు తిరిగి, "అయితే ఒకటి చేసి చూపించండి" అంది.

చిన్నాయిన ముద్ద తీసుకున్నాడు. అటు నొక్కాడు, ఇటు నొక్కాడు. ఎంతసేపు నొక్కినా అది ఆలుగడ్డలాగే ఉంది. చెమటలు పట్టాయి. ఇక లాభం లేదని పక్కన ఆరబెట్టిన బొమ్మనొకటి అందుకుని తనకొచ్చిన పని చేశాడు. కొనలు మెలితిరిగిన నిగనిగలాడే మీసం. తీరా చూస్తే అది ముక్కుపుడక పెట్టుకున్న ఆడమనిషి మొఖం.

చిన్నమ్మ ఓపిక అక్కడితో సరి.

"ఏమయ్యా, నీకు కండ్లు కనబడ్తలేవా? ముక్కుపుల్ల పెట్టిన పిల్లకు మీసం గీస్తరా? పొద్దంత కూసొని చేసిన. ఇటియ్యి" అని లాక్కుంది. తడిగుడ్డతో మీసం తుడిచి, చెరిగిన రంగు దిద్దింది. తిట్టడం ఆపకుండానే ఆ ఆలుగడ్డను కూడా తీసుకుని బోసినోటి ముసలమ్మను చేసేసింది. మేడం నోరు తెరుచుకుని చూసింది.

చీటీ మారింది. పేజీ నిలబడింది. దాని ఆఖర్న కసికొద్దీ "భర్త సహాయం చేస్తాడు" అని రాశాను. చదివి వినిపిస్తే చిన్నాయిన మొహం మాడిపోయింది.

"గట్లెందుకు బిడ్డా? ఆయన మీసాలు మంచిగనే గీస్తడు. గది రాయి" అంది చిన్నమ్మ.

సరే, "మీసాలు గీసేది భర్త" అని మార్చాను. ఇప్పుడు చిన్నాయిన ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ఆ ఒక్క వాక్యమే చూపిస్తున్నాడు.

చిన్నమ్మను ప్రదర్శనశాలకు తీసుకెళ్తే, అద్దం మీద వేలు పెట్టి తన పేరు ఒక్కో అక్షరం చదువుకుంది. తర్వాత నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగింది.

"ఇగ ఎవరన్నా అడిగితే నేను నోటితోని చెప్పే పని లేదు కద బిడ్డా?"