మేకులు లేని గోడ, సత్తెమ్మ ప్రశ్న

1994లో పాశమైలారంలో యంత్రాల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీ కొత్త మీటింగ్ హాలు కట్టింది. దాని గోడలకు టేకు ప్యానెలింగ్, అంటే చెక్క పలకల తొడుగు, వేసే పని నాకు వచ్చింది. అప్పటికి పన్నెండేళ్లుగా పటాన్‌చెరు, సంగారెడ్డి చుట్టుపక్కల వడ్రంగం చేస్తున్నాను. ముందు గోడకు రీపర్లు, అంటే సన్నటి అడ్డకర్రలు బిగించి, వాటి మీద పలకలను నిలువుగా పెట్టి, రెండంచులా మేకులు దిగగొట్టేవాణ్ణి. మేకు తలను లోపలికి దించి, లప్పం పూసి పాలిష్ పట్టాక అదెక్కడుందో నాకే తెలిసేది కాదు. ఏనుగు గుద్దినా నా గోడ కదలదని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. చెక్కను కదలనివ్వకపోవడమే తప్పని అప్పట్లో ఎరగను.

సెప్టెంబరు వానల్లో పలకలు వేశాను. నవంబరులో హాలు ప్రారంభమైంది. ఫిబ్రవరిలో ఎండ ముదిరి ఏసీలు పెట్టగానే మొదలైంది గొడవ. మీటింగు మధ్యలో ‘టప్’మని చప్పుడు. మర్నాడు మళ్లీ ఒకటి. నెల తిరక్కుండానే పదకొండు పలకలు నిలువునా చీలాయి.

మేనేజరు పరంధామయ్య గారు కబురు పెడితే భయపడుతూనే వెళ్లాను. ఆయన నా భుజం తట్టారు.

"భయపడకు మేస్త్రీ, నీ పనిలో లోపం లేదు. ఇది దిష్టి. ప్రారంభం రోజున హాలు తలుపులు తీసిందెవరో తెలుసా? సత్తెమ్మ. మొగుడు పోయిన మనిషి. ఎండీ గారి భార్య లోపలికి వస్తుంటే సరిగ్గా ఎదురొచ్చింది. ఆమెను యార్డుకు పంపేసి, శాంతి చేయించి, నీ చేతే పలకలు మార్పిస్తాం."

సత్తెమ్మ ఆ కంపెనీలో అటెండరు. ఆమె భర్త అక్కడే పనిచేస్తూ చనిపోతే ఆ ఉద్యోగం ఇచ్చారు. యార్డు అంటే ఎండలో తుక్కు ఏరే చోటు. పైగా అది కాంట్రాక్టరు కింద పని. అక్కడికి వెళ్లడమంటే పర్మినెంటు ఉద్యోగం పోగొట్టుకోవడమే.

నేనేం చేశానో దాచకుండా చెబుతాను. ఆదివారం వస్తే సంగారెడ్డి లైబ్రరీ అరుగు మీద శకునాలనూ ముహూర్తాలనూ చీల్చి చెండాడే మనిషిని నేను. వితంతువు ఎదురొస్తే అశుభమనే వాళ్లతో గొంతు బొంగురుపోయేదాకా వాదించాను. అలాంటివాణ్ణి ఆ క్షణంలో నోరు మెదపలేదు. ఎందుకంటే ఆ మూఢనమ్మకం నన్ను కాపాడుతోంది!

సత్తెమ్మ అక్కడే బల్ల తుడుస్తోంది. గుడ్డ బల్ల మీద పడేసి మేనేజరు వైపు తిరిగింది.

"సారూ, ఒక్క మాట అడుగుత. గా స్తంభం పక్క సందుల రెండు పలకలున్నయి గదా. నా చీపురు, బట్టలు ఆడనే పెడ్త. పొద్దుగాల రాంగనే మొదలు నా మొఖం సూసేటియి గవ్వే. మరి గవెందుకు పగల్లే? దూరమున్నయాటికి నా దిష్టి తాకిందట, ముక్కు ముందటియి మంచిగున్నయట! నా దిష్టికి గింత చూపు మందమా?"

నేను టార్చి తీసుకుని సందులో దూరాను. ఆమె చెప్పింది నిజం. ఆ రెండు పలకల మీద గీత కూడా లేదు. అప్పుడు గుర్తొచ్చింది: ఆ ఇరుకులో సుత్తి ఆడక వాటికి మేకులే కొట్టలేదు. ఒకదాని అంచును ఇంకోదాని గాడిలోకి జొనిపి, పైనా కిందా బద్దీలతో, అంటే సన్నటి చెక్క పట్టీలతో, ఆపి వదిలేశాను. బయటికి వచ్చి చీలిన పలకలన్నీ తడిమి చూశాను. ప్రతి చీలికా మేకు దగ్గరే మొదలైంది.

పుస్తకాలు చదివి వాదించే నాకు తట్టని పరీక్షను చీపురు పట్టిన సత్తెమ్మ చేసి చూపించింది. ఒకే హాలు, ఒకే కర్ర, ఒకే మనిషి ముఖం. తేడా ఒక్కటే, మేకు.

"సారూ, దిష్టి లేదు, గిష్టి లేదు. తప్పు నాది" అన్నాను. చెక్క వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఏసీ గాలికి ఆరి ముడుచుకుంటుంది, రెండంచులూ మేకులతో బంధిస్తే ముడుచుకునే దారిలేక చీలుతుంది అని వివరించాను.

ఆయన నన్ను పక్కకు లాగారు. "నోరు మూసుకుంటే నీకే మంచిది కదయ్యా!"

"మంచిదే సారూ. గందుకే భయమైతున్నది" అన్నాను.

విషయం ఎండీ గారిదాకా వెళ్లింది. మేకులు లేకుండా హాలంతా మళ్లీ వెయ్యి, వానలు కురిసేదాకా చూద్దాం, అంతవరకు సత్తెమ్మ హాల్లోనే ఉంటుందని ఆయన అన్నారు. పరంధామయ్య గారు ఊరుకోలేదు. "ఒక్క పలక పగిలినా ఆమె యార్డుకు, నువ్వు గేటు బయటికి!"

పలకను పట్టుకోవాలి, కానీ బంధించకూడదు. అందుకు రేకు క్లిప్పులు కావాలి. నాకు తెలిసిన దుకాణాల్లో అవి దొరకలేదు. చెప్పుల డబ్బా అట్ట కత్తిరించి నమూనా చేసి, పటాన్‌చెరులో రేకులు కోసి వంచే ప్రెస్సు నడిపే యూసుఫ్ భాయ్ దగ్గరికి పట్టుకెళ్లాను. మొదట చేసిన క్లిప్పులు మరీ బిగుతుగా ఉన్నాయి. వాటిలో బిగించిన పలక ముక్కను ఆయన ఒకసారి లాగి చూసి నవ్వాడు.

"అరే భాయ్, దీన్ని పట్టుకోవాల్నా, గొంతు పిసకాల్నా? జెర ఢీలా చెయ్యనీయ్."

రెండోసారి సరిగ్గా కుదిరాయి. క్లిప్పు కాలు రీపరుకు స్క్రూతో బిగుసుకుంటుంది; దాని పెదవి పలక అంచు గాడిలో కూర్చుంటుంది; పక్క పలక నాలుక, అంటే సన్నగా చెక్కిన అంచు, వచ్చి దాన్ని కప్పేస్తుంది. ఆఖరి పలక దగ్గర గోడ మూలన వేలు మందం ఖాళీ వదిలి, దాని మీద బద్దీ వేశాను. పలకకు పక్కకు జరిగే చోటుంది, బయటికి మాత్రం ఏమీ కనిపించదు. మార్చిలో పాత పలకలన్నీ ఊడదీసి, చీలినవాటి స్థానంలో కొత్తవి కోసి, హాలంతా మళ్లీ వేశాను. సత్తెమ్మ గుమ్మంలోంచే పలకరించేది: "అన్నా, సుత్తి ఇంట్ల పెట్టొచ్చినవా, లేకుంటే సంచిల దాసినవా?"

రోజూ పొద్దున హాలు తలుపులు తీసి గోడ ముందు నిలబడేదట. "సూడుండ్రి, మంచిగ సూడుండ్రి నా మొఖం. మల్ల సూడలేదంటరు!" అని పలకలతో చెప్పేదట. ఆఫీసులో వాళ్లు ఆ మాట కోసమే తొందరగా వచ్చేవారు.

ఏప్రిల్ నెలాఖరున ఎండీ గారి మీటింగు నడుస్తుండగా, ఓ మూల నేను బద్దీలు చూసుకుంటుంటే ‘టప్’మన్నది. అందరూ గోడ వైపు తిరిగారు. సత్తెమ్మ టీ ట్రే బల్ల మీద పెట్టేసింది. నేను ఒక్కో పలకా తడిమి చూశాను. ఎక్కడా చీలిక లేదు. ఇంతలో పరంధామయ్య గారు మెల్లగా ఒక పక్కకు ఒరిగి నేల మీద కూలబడ్డారు. విరిగింది ఆయన కుర్చీ కాలు.

"సారూ, గా కుర్సీ మీ రూంలకెల్లి ఇయ్యాలనే తెచ్చిన్రు. దాని మొఖం నేనింక సూడనే లే!" అంది సత్తెమ్మ.

ఎండీ గారు బల్ల చరిచి మరీ నవ్వారు. కింద కూర్చున్న పరంధామయ్య గారు కాసేపు ముఖం ముడుచుకున్నారు, కానీ అంతమంది నవ్వుతుంటే ఎంతసేపని ఆపుకుంటారు? ఆయనకూ నవ్వొచ్చింది. సత్తెమ్మే చెయ్యిచ్చి లేపింది. ఆయన ఆ చెయ్యి పట్టుకునే లేచారు.

ఎండలు పోయాయి, వానలు పడ్డాయి. పలకలు కాస్త ముడుచుకున్నాయి, కాస్త ఉబ్బాయి, ఒక్కటీ చీలలేదు. యార్డు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మరుసటి ఏడాది కంపెనీ కొత్త కట్టడం తెరిచిన రోజున తాళంచెవులు సత్తెమ్మ చేతికే ఇచ్చారు. ఇచ్చింది పరంధామయ్య గారు.

ఆ తరువాత పలక రెండంచులా నేనెప్పుడూ మేకు కొట్టలేదు. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. ఎక్కడైనా ఒక మనిషిని అపశకునం అంటుంటే, ఆ మాట చాటున ఎవరి తప్పు దాక్కుంటోందని ముందు వెతుకుతాను. ఆ రోజు దాక్కోబోయింది నాదే.