ప్రెసిడెంటు గారి పాతింట్లో మా అమ్మ తిరగలి

మా చిన్నప్పుడు... గురజాల దగ్గర మా ఊళ్లో, ఒకప్పుడు జిల్లా బోర్డు ప్రెసిడెంటుగా చేసి దిగిపోయిన పెద్దాయన ఉండేవారు. మేడ కట్టుకున్నా, తాను పుట్టి పెరిగిన పూరిల్లు మాత్రం పడగొట్టకుండా అలాగే ఉంచారు. ఇంకా స్వాతంత్ర్యం రాని రోజులవి. మాస్టారు ఒకనాడు బడి పిల్లలందరినీ ఆ ఇల్లు చూపించడానికి తీసుకెళ్లారు.

ఉట్టి, గొంగడి, సంగటి కుండ, ఎండిన సొరకాయ బుర్ర... అన్నీ ఆయన చిన్ననాటివట. మా ఇంట్లోనూ అవే కాబట్టి నాకేం వింత అనిపించలేదు. పెద్దాయన మాత్రం ఖాళీగా ఉన్న ఓ మూల చూపించి, వాళ్లమ్మ జొన్నలు విసిరిన తిరగలి అక్కడ ఉండేదని, అది పగిలిపోయిందని, కొత్తవి ఎన్ని ఉన్నా అంత పాతది దొరకడం లేదని బాధపడ్డారు.

అంత గొప్పాయనకు లేనిది మా దగ్గర ఉంది! ఇంక నా నోరు ఊరుకుంటుందా...

"మా ఇంట్లో ఉందండీ. మా అమ్మమ్మ కాలం నాటిది" అన్నాను.

ఆయన నా తల నిమిరి, చేతిలో బెల్లం ముక్క పెట్టారు. ఇంటిదాకా చప్పరించుకుంటూ వచ్చాను.

మర్నాడు మా గుమ్మం ముందు బండి ఆగింది. నాన్న ఆయన పొలంలోనే పాలేరు, ఇక కాదనే నోరెక్కడిది? అమ్మ అప్పుడే జొన్నలు విసురుతోంది. సగంలో లేచి, రాళ్ల మధ్య పిండి కొంగుతో తుడిచి ఇచ్చేసింది. బదులుగా కొత్తది పంపిస్తామన్నారు. పంపలేదు... అడిగే ధైర్యం మాకూ లేకపోయింది.

ఆ తర్వాత అమ్మ జొన్నల చాట పట్టుకుని, పక్కింటి అత్త పిండి విసరడం అయ్యేదాకా వాళ్ల వాకిట్లో కూర్చునేది. ఒక్కరోజు కూడా నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ ఏడు తిరునాళ్లకు ఊరందరి కోసం ఆ పాతిల్లు తెరిచారు. అమ్మా నేనూ కూడా వెళ్లాం. మా తిరగలికి పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. అమ్మ దాని ముందు వంగి, అలవాటుగా పిడి మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోమాకమ్మా. ప్రెసిడెంటు గారి అమ్మగారి తిరగలి అది" అన్నాడు కాపలా మనిషి.

అమ్మ చెయ్యి తీసేసుకుంది. మాదేనని చెప్పలేదు. "పోదాం పదవే" అంది అంతే. బడి పిల్లలందరి ముందూ గొప్పలు పోయిన నా నోరు ఆ ఒక్క మాటకి పెగల్లేదు. సిగ్గుతో చచ్చిపోయాను... తొంభై ఏళ్లు దగ్గర పడుతున్నా ఆ సిగ్గు ఇంకా పోలేదు.

ఇప్పుడు పిండి ప్యాకెట్లలో వస్తోంది. హోటళ్ల ముందు అలంకారానికి తిరగళ్లు పెడుతున్నారు. మా మనవరాలు వాటి పక్కన ఫోటో దిగుదాం రమ్మంటుంది... నేను వెళ్లను.

మీ ఊళ్లోనూ ఇలా దండ వేసి పెట్టిన పాత వస్తువు ఏదైనా ఉంటే... అది ఎవరింటి నుంచి వచ్చిందో ఒకసారి కనుక్కుని చెప్పండి.